నాన్నగారికి ఇన్‌కమ్‌టాక్స్ రీఫండ్ అని మెయిల్ వచ్చింది, వివరాలన్నీ నింపేశారు. ఇప్పుడేం చెయ్యాలి?

అంబాజీపేట_అమ్మాయి
రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. టెన్షన్‌లో రాస్తున్నాను, అటూ ఇటూగా ఉంటే ఏమనుకోకండి. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర ఊరు. నాన్నగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెన్షను, రెండెకరాల కొబ్బరి తోట, బ్యాంకులో కాసిని ఎఫ్‌డీలు. నేను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాను. పోయినేడు, వడ్డీ మీద పన్ను పట్టుకోవద్దని బ్యాంకుకిచ్చే 15హెచ్ ఫారం ఇవ్వడం మర్చిపోతే ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు వాళ్ళు టీడీఎస్ పట్టుకున్నారు, అందుకని రిటర్న్ వేయించి రీఫండ్ ఎప్పుడొస్తుందా అని రోజూ చూసుకుంటున్నారు. సరిగ్గా అలాంటప్పుడు ఈ మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. మీకు 23,784 రూపాయలు రీఫండ్ మంజూరైంది, బ్యాంకు ఖాతా ధృవీకరణ కాలేదు, 24 గంటల్లో చెయ్యకపోతే రద్దయిపోతుంది అని. పైన మూడు సింహాల బొమ్మ, కింద ఎవరో అధికారి హోదా, మధ్యలో నాన్నగారి పూర్తి పేరు, పాన్ నంబరు. పాన్ నంబరు కరెక్టేనండి, అదే మా కొంప ముంచింది.

లింకు నొక్కారు. అచ్చం ఆఫీసు సైటులాగే ఉందట. మీ బ్యాంకు ఏదో ఎంచుకోండి అంది, ఎంచుకున్నారు. అక్కణ్ణించి పుట్టినతేదీ, ఆధార్, ఖాతా నంబరు, డెబిట్ కార్డు నంబరు, కార్డు వెనక మూడంకెలు, నెట్‌బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది, ఈయన డైరీ దగ్గర పెట్టుకుని ఓపిగ్గా కొట్టుకుంటూ పోయారు. ఆఖర్న ఓటీపీ. బ్యాంకులో నా ఫోన్ నంబరే ఇచ్చాం కాబట్టి అది నాకొచ్చింది. నాన్నగారు ఫోన్ చేసి "అమ్మా, నీకు ఆరంకెలొచ్చుంటాయి, తొందరగా చెప్పు" అన్నారు. మామూలుగా అయితే చెప్పేసేదాన్నే. ఎందుకో మెసేజ్ మొత్తం చదివాను. కొత్త బెనిఫిషియరీని, అంటే మన ఖాతా నుంచి డబ్బు అందుకునేవాణ్ణి, జత చెయ్యడానికి ఈ ఓటీపీ అని ఉంది. మనకి డబ్బు రావాలంటే మనమెవర్నో జత చెయ్యడమేంటి అనిపించి చెప్పలేదు.

ఇప్పటిదాకా డబ్బు పోలేదండి. కానీ వివరాలన్నీ పోయాయి కదా. నాన్నగారేమో ఇంకా నమ్మడం లేదు. "దొంగవాడికి నా పాన్ నంబరెలా తెలుస్తుందే" అంటున్నారు, 24 గంటలు దాటిపోతున్నాయని నా మీద కోపంగా కూడా ఉన్నారు. ఇప్పుడు ముందేం చెయ్యాలి, ఇలాంటివి మళ్ళీ వస్తే ఆయన తనంతట తను పట్టుకునేలా ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తణుకు_క్యాషియర్_రిటైర్డ్
రాత్రి 9:52

అమ్మా, మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యి. కార్డు వెనకాల గానీ పాస్‌బుక్ మీద గానీ ముద్రించిన నంబరుకే చెయ్యి. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి వద్దు, గూగుల్‌లో కస్టమర్ కేర్ అని కొడితే వచ్చే నంబరుకి అసలే వద్దు, అందులో సగం వీళ్ళ తమ్ముళ్ళవే ఉంటాయి. కార్డు బ్లాక్ చెయ్యమను, నెట్‌బ్యాంకింగ్ ఆపమను. కంప్లయింట్ నంబరు అడిగి, ఎన్ని గంటలకి చెప్పావో కాగితం మీద రాసిపెట్టు.

టైము రాసుకోమనడానికి కారణముంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన వివరాలు మన చేత్తో మనమే ఇచ్చేసిన కేసుల్లో, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బు మన నెత్తినే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు నెత్తిన. అంటే నువ్వు ఫోన్ చేసిన నిమిషం ఒక గీత లాంటిది. ఆ గీత ఎంత ముందు గీస్తే అంత మంచిది.

రేపు పొద్దున్నే నాన్నగార్ని తీసుకుని బ్రాంచికి వెళ్ళి ఇదే సంగతి అర్జీలా రాసివ్వండి, రెండో కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి. ఫోన్లో చెప్పాం కదా చాలు అనుకోవద్దు.

ఇంకో మాట. ఆయన్ని తిట్టకమ్మా. ముప్ఫై ఏళ్ళకి పైగా కౌంటర్లో కూర్చున్నాను. ఒకాయన, పెద్ద రైతే, ఇలాంటిదే జరిగితే మూడో రోజు వచ్చాడు. ఎందుకయ్యా ఇంత ఆలస్యం అంటే కొడుకులు తిడతారని ఎవరికీ చెప్పలేదట. డబ్బు మొదటి రాత్రే వెళ్ళిపోయింది. మొదట్లోనే చెప్పి ఉంటే మధ్యలో ఎక్కడైనా ఆపడానికి వీలుండేది. మన వైపు పరువు ఒకటి, డబ్బు కంటే ముందు దాన్ని దాచుకుంటారు.

అంబాజీపేట_అమ్మాయి
రాత్రి 10:41

థాంక్సండి. చేశాను. లైను దొరకడానికే చాలాసేపు పట్టింది, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని తిప్పింది. కార్డు బ్లాకయింది, నెట్‌బ్యాంకింగ్ ఆపారు, కంప్లయింట్ నంబరు ఇచ్చారు. టైము 10:23 అని రాసుకున్నాను. సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి కూడా చెయ్యాలా? డబ్బు పోలేదు కదా.

తణుకు_క్యాషియర్_రిటైర్డ్
రాత్రి 10:50

1930 ముఖ్యంగా డబ్బు పోయినప్పటికి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి గెంతుతూ ఉంటే మధ్యలో ఆపడం దాని పని, అందుకే గంటల్లో చెయ్యమంటారు. మీకు డబ్బు పోలేదు కాబట్టి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఫిర్యాదు నమోదు చేసి పెట్టండి, రేపెప్పుడైనా ఆయన పేరుతో ఏదైనా జరిగితే ఫలానా రోజునే చెప్పాం అని చూపించుకోవచ్చు. రాత్రికి రాత్రి ఖాతాలో ఏమైనా కదిలిందంటే మాత్రం ఆలోచించకుండా 1930.

రావులపాలెం_నెట్‌సెంటర్
రాత్రి 11:15

పన్నెండేళ్ళుగా నెట్ సెంటరు నడుపుతున్నాను, జిరాక్స్ కూడా ఉంది. మాస్టారి ప్రశ్నకి ముందు సమాధానం చెప్తాను, ఎందుకంటే అది మంచి ప్రశ్న. దొంగవాడికి పాన్ నంబరెలా తెలిసింది? అసలు తెలియనిదెవరికండి? రెండు లక్షలు దాటి బంగారం కొంటే షాపులో ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇస్తాం, లోన్ ఏజెంటుకి వాట్సాప్‌లో ఫోటో పెడతాం, ఫైనాన్స్ కంపెనీ వాడు ఇంటికొచ్చి జిరాక్స్ పట్టుకుపోతాడు. మొన్నామధ్య బస్టాండు దగ్గర పునుగులు కొనుక్కుని పొట్లం విప్పితే ఎవరిదో పాన్ కార్డు జిరాక్స్. నూనె మరకలోంచి నంబరు స్పష్టంగా కనపడుతోంది. కంపెనీల దగ్గర్నించి గుంపులు గుంపులుగా బయటికి పోయే వివరాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి మన పేరు, పాన్ నంబరు రాశాడంటే వాడు ఆఫీసువాడని కాదు. పెళ్ళిపత్రిక మీద మీ పేరు రాసినంత మాత్రాన చుట్టమైపోతాడా?

ఆ మెయిల్ ఎక్కడ్నించి వచ్చిందో చూసి చెప్తారా? ఫోన్లో అయితే పైన పేరు మాత్రమే కనిపిస్తుంది, ఆ పేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పేరు కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కితే అసలు అడ్రసు వస్తుంది.

అంబాజీపేట_అమ్మాయి
రాత్రి 11:22

నాన్నగారు స్క్రీన్‌షాట్ పంపారు. పేరు ఇన్‌కమ్ టాక్స్ డిపార్ట్‌మెంట్ అనే ఉంది. బాణం నొక్కితే ఎట్ గుర్తు తర్వాత ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందండి, కరెక్టే కదా? కానీ అక్కడితో అయిపోలేదు, దాని తర్వాత డాట్ పెట్టి రీఫండ్, ఒక గీత, ఏవో అంకెలు, చివర డాట్ టాప్ అని ఉంది.

రావులపాలెం_నెట్‌సెంటర్
రాత్రి 11:48

అదే చూపిద్దామనుకున్నాను. ఈ అడ్రసుల్ని మనం ఎడమ నుంచి చదువుతాం, వాటి అసలు యజమాని కుడి చివర ఉంటాడు. ఉత్తరం మీద కొత్తపేట అని మాత్రం రాస్తే ఏ కొత్తపేట అంటాడు పోస్ట్‌మాన్? కింద జిల్లా, పిన్‌కోడు చూస్తేనే మన కొత్తపేటో ఇంకెక్కడి కొత్తపేటో తెలుస్తుంది. ఇదీ అంతే. ముందు ఎన్ని మంచి పేర్లు తగిలించినా, చివర డాట్ టాప్, దాని ముందు రీఫండ్ గీత అంకెలు, ఆ రెండూ కలిపి ఎవడు కొనుక్కున్నాడో ఆ మెయిల్ వాడిది. అసలు ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళదైతే ఆ గవ్ డాట్ ఇన్ దగ్గరే ఆగిపోవాలి. లింకుల్లో కూడా ఇదే లెక్క, కాకపోతే అక్కడ మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత మళ్ళీ ఏటవాలు గీత (/) వచ్చేలోపు చివర ఏముందో చూడాలి. ఫోన్లో లింకుని నొక్కకుండా కాసేపు అదిమి పట్టుకుంటే అది ఎక్కడికి వెళ్తుందో చూపిస్తుంది. అదిమి పట్టుకోబోయి నొక్కేసేవాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి పెద్దవాళ్ళకి ఇది నేర్పాలంటే నాకు కొంచెం భయమే.

ఇంకో మోసం, ఒక్క అక్షరం మార్చడం. పెనుగొండ, పెనుకొండ తెలుసు కదా. ఒకటి మన పక్కన వాసవీ అమ్మవారి ఊరు, రెండోది ఎక్కడో అనంతపురం అవతల. గబగబా చదివితే ఒకటే. ఇంగ్లీషులో చిన్న ఆర్, చిన్న ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనబడుతుంది, ఒకటి అంకె ఎల్ లాగుంటుంది. కళ్ళజోడు పెట్టుకున్నా దొరకదు.

తాళం గుర్తు ఉంది కదా సైటు మంచిదే అని నా దగ్గరికొచ్చేవాళ్ళు ఇప్పటికీ అంటూంటారు. ఆ తాళం అర్థం మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు ఎవరూ వినలేరు అని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగైతే, దొంగతో రహస్యంగా మాట్లాడుతున్నారన్నమాట. తాళం ఊరికే వస్తుంది, వాళ్ళూ పెట్టుకుంటారు.

బ్యాంకుల విషయంలో ఇప్పుడు కొంచెం నయం. రిజర్వ్ బ్యాంకు చెప్పడంతో బ్యాంకులు తమ సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరికి మార్చుకున్నాయి, 2025 అక్టోబరు 31 గడువు. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులో ఉన్న, రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, బ్యాంకు కానివాడికి ఇవ్వరు. బ్యాంకు సైటు తెరిచినప్పుడు చివర అది ఉందో లేదో చూడమని మాస్టారికి చెప్పండి, లెక్కల మాస్టారు కాబట్టి చివరి పదం చూడటం ఆయనకో లెక్కా.

పేరుపాలెం_కెరటం
రాత్రి 11:59

ఇంత అవసరమా అండి. తప్పుల తడక ఇంగ్లీషు ఉంటే దొంగ మెయిల్, బాగుంటే అసలుది. నేనెప్పుడూ అలాగే పట్టుకుంటాను. అయినా ఈ రోజుల్లో మెయిల్ ఎవరు చూస్తున్నారు, అన్నీ వాట్సాప్‌లోనే కదా.

భీమవరం_ప్లాంటు_అకౌంట్స్
ఉదయం 6:35

కెరటం గారూ, మీ పద్ధతికి కాలం చెల్లింది. కంప్యూటర్‌కి చెప్తే ఇప్పుడు అదే చక్కటి ఇంగ్లీషు రాసిస్తోంది, తెలుగు కూడా రాసిస్తోంది. నేను చెప్పే మెయిల్‌లో ఒక్క తప్పు లేదు.

నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. ఏ కంపెనీ అని అడగకండి. కొంతకాలం క్రితం మా సెక్షన్‌లో ఒక అబ్బాయికి, విదేశంలో సరుకు కొనే పార్టీ పేరుతో మెయిల్ వచ్చింది. షిప్పింగ్ కాగితాలు జత చేశాం, చూడండి అని. ఫైలు తెరిస్తే వెనక మసకమసకగా బిల్లు కనబడుతోంది, ముందు ఒక పెట్టె: చూడాలంటే మీ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టండి. ఆ టైములో కంటైనరు పోర్టుకి వెళ్ళే హడావుడి, పిల్లాడు కొట్టేశాడు. తప్పు పాస్‌వర్డ్ అంది, మళ్ళీ కొట్టాడు. ఈసారి నిజంగానే ఏదో పాత బిల్లు తెరుచుకుంది, సరేలే అనుకున్నాడు. వాడికి ఒక్క అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే ఏమీ పోలేదు.

పోనిది అప్పటికి మాత్రమే. వాళ్ళు లోపలికొచ్చి ఏమీ ముట్టుకోలేదు, ఒక రూలు మాత్రం పెట్టి వెళ్ళారు. ఇన్‌వాయిస్ అనే మాట ఉన్న ప్రతి మెయిలూ ఒక కాపీ ఎక్కడికో పోయేలా. వారాల తరబడి మా ఉత్తరాలన్నీ చదువుకున్నారు. ఎవరికి ఎంత రావాలి, ఎప్పుడు రావాలి, మేము ఎలా పలకరిస్తాం, అన్నీ. ఆ తర్వాత అచ్చం మా భాషలో ఆ పార్టీకి మెయిల్ పెట్టారు, మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకి పంపండి అని. అవతలివాడు తెలివైనవాడు, ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బతికిపోయాం.

అందుకే కెరటం గారూ, మెయిల్ ఎవరు చూస్తారు అంటే, చూడకపోయినా సరే, మీ ఫేస్‌బుక్ లాంటి చాలా ఖాతాల పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకో కోడో వచ్చేది ఆ మెయిల్‌కే. అది ఇంటి తాళాల గుత్తి లాంటిది.

అమ్మాయి గారూ, నాన్నగారు ఆ పేజీలో జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా కొట్టారేమో ఒకసారి మెల్లగా అడగండి. నెట్‌బ్యాంకింగ్‌కీ దానికీ ఒకటే పాస్‌వర్డ్ అయినా అదే లెక్క. అయితే వెంటనే మార్చి, రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడు కూడా అడిగేది) పెట్టి, సెట్టింగుల్లోకి వెళ్ళి మూడు చూడండి. ఫార్వర్డింగ్ దగ్గర తెలియని అడ్రసేమైనా ఉందా, ఫిల్టర్లలో, అంటే పైన చెప్పిన రూలు లాంటివాటిలో, మనం పెట్టనిదేమైనా ఉందా, రికవరీ ఫోన్ నంబరు మనదేనా. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ ఫిల్టరు పోదు, మేము నేర్చుకున్నది అది. తెలియని పరికరాలు లాగిన్ అయి ఉంటే వాటిని కూడా బయటికి పంపేయండి.

పాలకొల్లు_కోడలు
ఉదయం 8:20

మా ఇంట్లో జరిగింది కూడా చెప్తానండి, ఇది గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. మా మరిది కువైట్ ఉద్యోగం కోసం ఎక్కడెక్కడో అప్లై చేసి కూర్చున్నాడు. ఒక రోజు ఒక పెద్ద ఆయిల్ కంపెనీ పేరుతో మెయిల్, మీరు సెలెక్టయ్యారు అని. ఇంటర్వ్యూ లేదు, ఫోన్ లేదు, సెలెక్షన్. ఆఫర్ లెటర్ మీద గుండ్రటి స్టాంపు, సంతకం, ఇక్కడ వాడి జీతానికి పది రెట్ల జీతం. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, ఆధార్, పాన్, ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి రెండు రోజుల్లో పంపమన్నారు. ఇంట్లో అందరం సంబరపడిపోయాం. మా అత్తగారైతే క్షీరారామం వెళ్ళి అర్చన కూడా చేయించేశారు.

నాకు అనుమానం వచ్చింది ఎక్కడంటే, అంత పెద్ద కంపెనీ, మెయిల్ చూస్తే మామూలు జీమెయిల్. పోనీ హెచ్‌ఆర్ వాళ్ళది అనుకుందామన్నా, రిప్లై కొడితే అది ఇంకో అడ్రసుకి వెళ్తోంది, వచ్చింది ఒక చోటు నుంచి, జవాబు ఇంకో చోటికి. మరిది నా మాట వినలేదు, అన్నీ పంపేశాడు. నాలుగో రోజున వీసా మెడికల్‌కి కట్టమని డబ్బు అడిగారు. అప్పుడు వాడిక్కూడా వెలిగింది, కట్టలేదు. కానీ పాస్‌పోర్టు స్కాన్ వాళ్ళ దగ్గరే ఉంది కదండి, ఆ దిగులు ఇంకా ఉంది.

తర్వాత తెలుసుకున్నాం. గల్ఫ్‌కి పంపే ఏజెంటు ఎవరైనా సరే విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరై ఉండాలి, ఆ శాఖవాళ్ళ ఈ-మైగ్రేట్ సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకి మించి కాదు. ఇది ఇంట్లో గోడ మీద రాసి పెట్టాలనిపిస్తుంది నాకు, మా వీధిలో లక్షన్నర, రెండు లక్షలు ఇచ్చినవాళ్ళే ఎక్కువ.

రావులపాలెం_నెట్‌సెంటర్
ఉదయం 9:05

పాలకొల్లు చెల్లెమ్మా, మీ మరిదికీ, అంబాజీపేట మాస్టారికీ కలిపి చెప్తున్నాను, వెళ్ళిపోయిన కాగితాల గురించి. వాటిని వెనక్కి తేలేం. వాటితో పని జరక్కుండా తలుపులు వేసుకోవాలి.

ఆధార్ సైటులో గానీ ఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చెయ్యండి. వేలిముద్రతో ఎవరూ డబ్బు తియ్యలేరు. కాకపోతే రేషన్ షాపులోనో ఈకేవైసీకో మీరు వేలు పెట్టాల్సి వచ్చిన రోజున ముందుగా అన్‌లాక్ చేసుకోవాలి, ఇది చెప్పకుండా లాక్ చేసేస్తే పెద్దవాళ్ళు క్యూలో నుంచుని నన్ను తిడతారు, అనుభవం. ఇకమీదట ఎవరికైనా ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. టెలికాం శాఖవాళ్ళ సంచార్ సాథీ సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి, మీది కానిది ఉంటే అక్కడే రిపోర్టు కొట్టొచ్చు.

పాన్ ఉంది కాబట్టి ఆ పేరుతో లోన్లు తీసే ప్రమాదం ఉంది. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని మన అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు నాలుగున్నాయి, ఒక్కోటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీసేయకుండా మూడు నెలలకొకటి తీస్తే ఏడాది పొడుగునా కాపలా కాసినట్టుంటుంది. అమ్మాయి గారూ, ఇంకోటి, బ్యాంకులో ఉన్న మీ నంబరుకి కారణం లేకుండా సిగ్నల్ పోయి గంటలు గడిచినా రాకపోతే, టవరు ప్రాబ్లమనుకుని ఊరుకోకండి, మీ సిమ్ ఇంకొకడు తీసుకుని ఉండొచ్చు, వెంటనే కంపెనీ షాపుకి వెళ్ళండి.

అంబాజీపేట_అమ్మాయి
మధ్యాహ్నం 1:30

తెల్లవారుజామున బయల్దేరి ఊరొచ్చేశాను. బ్రాంచిలో అర్జీ ఇచ్చి సీలు వేయించాం. జీమెయిల్ పాస్‌వర్డ్ కొట్టలేదట, కానీ నెట్‌బ్యాంకింగ్‌కీ దానికీ ఒకటే పాస్‌వర్డ్, నా పుట్టినరోజు. ఏమనాలో తెలియలేదు. మార్చాం. ఫిల్టర్లు ఏమీ లేవు. ఆ తర్వాత నాన్నగారి ఎదురుగానే అసలు ఇన్‌కమ్‌టాక్స్ సైటు అడ్రసు మేమే టైపు చేసి లాగినయ్యాం. రిటర్న్ ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది అని చూపించింది. 23,784 లేదు, గడువు లేదు, రద్దూ లేదు. రీఫండ్ వేసే ఖాతా ముందే వాలిడేట్ అయి ఉంది. నాన్నగారు చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చున్నారు. ఇందాకే మీ అందరి జవాబులూ చదివి వినిపించాను. తను కూడా రాస్తానన్నారు, కింద రాసింది ఆయనే.

నేను సదరు నాన్నను. అందరికీ నమస్కారములు, కృతజ్ఞతలు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల లెక్కలు దిద్దాను, తప్పు ఎక్కడుందో చూడటమే నా వృత్తి. ఈ మెయిల్‌లో తప్పు వెతికాను, దొరకలేదు, అందుకే నమ్మాను. ఇప్పుడు మళ్ళీ చదివితే అనిపిస్తోంది, ప్రభుత్వ కార్యాలయం నుంచి నాకు ఇంత మర్యాదగా, ఇంత స్పష్టంగా ఉత్తరం ఎప్పుడూ రాలేదు. అక్కడే అనుమానించవలసింది. పైగా నా పెన్షన్ బకాయిలకి ఏళ్ళు పట్టింది, ఎవరూ 24 గంటల్లో తీసుకోకపోతే రద్దు అని తొందరపెట్టలేదు. నాకు డబ్బు ఇచ్చేవాడు నా పాస్‌వర్డ్ అడగడమేమిటి అన్నది కూడా మా అమ్మాయి అన్న తర్వాతే తట్టింది. తణుకు వారు రాసిన పరువు మాట నాకు తగిలింది, నిజమే, అమ్మాయి ఓటీపీ అడ్డుకోకపోతే నేను ఎవరికీ చెప్పేవాడిని కాను. ఒక సందేహం. ఆ మెయిల్ తీసివేయమంటారా, ఉంచమంటారా? చూస్తేనే చికాకుగా ఉంది.

తణుకు_క్యాషియర్_రిటైర్డ్
మధ్యాహ్నం 2:10

మాస్టారూ, నమస్కారం. తీసెయ్యకండి, పోలీసులు అడిగితే చూపించాల్సింది అదే. ఆ మెయిల్‌ని ఉన్నది ఉన్నట్టు వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అడ్రసుకి ఫార్వర్డ్ చెయ్యండి, సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ అడ్రసు ఇన్సిడెంట్ ఎట్ సెర్ట్ హైఫన్ ఇన్ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌కి ఒక కాపీ, ఇన్‌కమ్‌టాక్స్ శాఖవాళ్ళే అలా పంపమన్నారు. ఆ దొంగ అడ్రసుకి మాత్రం తిట్టి జవాబు ఇవ్వకండి, మీ మెయిల్ పనిచేస్తోందని వాడికి తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇకమీదట ఆ శాఖ పేరుతో నోటీసని ఏదైనా వస్తే దాని మీద డీఐఎన్ అని ఆ కాగితాన్ని గుర్తించే ఒక నంబరుంటుంది, 2019 అక్టోబరు నుంచి తప్పనిసరి చేశారు. లాగిన్ కూడా అక్కర్లేదు, వాళ్ళ సైటులోనే ఆ నోటీసు అసలుదో కాదో సరిచూసుకోవచ్చు. సరిచూడటం మీకు కొత్త కాదు కదా.

పేరుపాలెం_కెరటం
మధ్యాహ్నం 2:25

మాస్టారూ, క్షమించాలి, రాత్రి తేలిగ్గా మాట్లాడాను. ఇందాకే నా మెయిల్‌లో ఫిల్టర్లు చూసుకున్నాను. ఏమీ లేవు గానీ, రికవరీ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్‌ది. అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో.

అంబాజీపేట_అమ్మాయి
మధ్యాహ్నం 3:05

ఫార్వర్డ్ చేసేశామండి. నాన్నగారు ఆ మెయిల్‌ని ప్రింటు కూడా తీయించుకొచ్చారు, ఎర్ర పెన్నుతో ఆ డాట్ టాప్ కింద గీత గీసి, మార్జిన్లో సున్నా వేసి, అద్దాల బీరువాలో పెన్షన్ కాగితాల ఫైలు మీద పెట్టారు.